చెరువుల్లో బోట్లున్నాయి, కాపలాకి మనుషులేరీ? (లక్నవరం, రామప్ప, పాకాల, మానేరు)

హన్మకొండవాసి (టాపిక్ మొదలుపెట్టినవారు)

వానలు పడ్డాయి, చెరువులు నిండుతున్నాయి. లక్నవరం మత్తడి పోసిందంటే ఆదివారాలు వేలాడే వంతెన మీద కాలు పెట్టే సందుండదు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి గుడి చూసినవాళ్లంతా చెరువు కట్ట దాకా వస్తున్నారు. మంచిదే. నా బాధ వేరే.

ఎక్కడ ఎవరు మునిగినా "స్పీడ్ బోటు ఇవ్వాలి, లైఫ్ జాకెట్లు కొనాలి" అని డిమాండ్ చేస్తాం. ఒక్కోసారి కొంటారు కూడా. కానీ ఆ బోటు మీద పొద్దున్నించి చీకటి పడేదాకా కూర్చునే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్లెవరు, ఎంతమంది, జీతం ఎవరిస్తారు, ఏం నేర్చుకుని ఉండాలి? ఈ టాపిక్‌లో ఆ ఒక్క విషయమే మాట్లాడుకుందామని నా మనవి. కలెక్టర్లకు ఒక వినతిపత్రం రాద్దామనుకుంటున్నాను.

ఇంకో మాట. 2016 ఫిబ్రవరిలో ధర్మసాగర్ రిజర్వాయర్‌లో ఐదుగురు ఇంజినీరింగ్ విద్యార్థులు పోయారు. 2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర గోదావరిలో ఆరుగురు, అదే నెలలో బాసరలో ఐదుగురు. వీళ్లలో ఒక్కరు కూడా టూరిజం బోటు ఎక్కినవాళ్లు కాదు. ఒడ్డున నీళ్లలో దిగినవాళ్లు. మనం భద్రత అంటే టికెట్ కౌంటర్ చుట్టూనే ఆలోచిస్తున్నాం. ప్రాణాలు పోతున్నది కౌంటర్‌కు దూరంగా.

స్టీరింగ్

అన్నా, నేను ఈ పనిలోనే ఉన్నాను. ఏ చెరువో రాయను, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. రద్దీ రోజుల్లో టికెట్ చింపేది, జాకెట్ తొడిగేది, బోటు నడిపేది, పెట్రోలు పోసేది, సాయంత్రం బోట్లు కడిగేది అంతా మేమే. రెస్క్యూ బోటు ఒకటుంది. జనం ఎక్కువైతే దాన్నీ రైడ్లకే తిప్పిస్తారు. అవతలి ద్వీపం దగ్గర ఎవరైనా పడిపోతే, నిండా జనంతో ఉన్న నా బోటునే అటు తిప్పాలి. తిప్పితే వీళ్లకు ప్రమాదం, తిప్పకపోతే వాళ్లకు. రోజూ ఆ టెన్షన్‌తోనే నడుపుతున్నాను.

ట్రైనింగ్ గురించి ఒకటి చెప్తాను. ఔట్‌బోర్డ్ ఇంజన్‌కు, అంటే బోటు వెనక తగిలించే ఇంజన్‌కు, ఎర్రటి స్ప్రింగ్ తాడు ఒకటి ఉంటుంది. ఒక కొస ఇంజన్ స్విచ్‌కు, రెండో కొస నడిపేవాడి మణికట్టుకు. నడిపేవాడు నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోవాలి. చేతికి కట్టుకుంటే అడ్డమని రెండో కొసను హ్యాండిల్‌కే చుట్టేస్తారు. అప్పుడు మనిషి పడిపోయినా ఇంజన్ ఆగదు. ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ, నీళ్లలో తిరిగే ఫ్యాన్‌తో (ప్రొపెల్లర్) పడ్డవాడి మీదికే వస్తుంది. ఈ సంగతి నాకు చెప్పింది గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్‌లో కోర్సు చేసి వచ్చిన ఒక సీనియర్. ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. అక్కడ పవర్ బోటు నడపడం, నీళ్లలోంచి మనిషిని తీయడం రెండూ నేర్పుతారట. కొత్తగా చేరిన వాళ్లందర్నీ ఎందుకు పంపరు?

మత్తడి

మాది ములుగు దిక్కు, మత్స్య సహకార సంఘంలో సభ్యుణ్ణి. మా నాన్న, తాత అందరం చెరువు మీదే బతికాం. అందరూ "గజ ఈతగాళ్లు" అని రాస్తారు కదా, అది మేమే.

మమ్మల్ని పిలిచేది ఎప్పుడో తెలుసా? మునిగి గంటలు గడిచాక. ఫోన్ వస్తుంది, వల పక్కన పెట్టి పోతాం. కొండీలు కట్టిన తాడు వేసి వెతుకుతాం, దొరక్కపోతే మునుగుతాం. దొరికాక మాకిచ్చేది ఎవరు? ఆ పిల్లగాడి ఇంటివాళ్లే. గుండెలు బాదుకుంటున్న తల్లి ముందు డబ్బుల మాట ఎట్లా వస్తుంది? చాలాసార్లు చేతులు జోడించి వచ్చేశాం. మాకు శవాలు తీయడం వద్దు సార్. ప్రాణం ఉండగా తీసే పని ఇవ్వండి, జీతం మీద ఇవ్వండి.

చెరువు సంగతి మాకు తెలిసినంత యూనిఫాం వాళ్లకు తెలియదు. తూము తెరిచినప్పుడు దాని దగ్గర లాగుడు పైకి కనపడదు. ఎండాకాలంలో మొరం, మట్టి తవ్వుకుపోయిన గుంతలు నీళ్లొచ్చాక కప్పబడిపోతాయి. మోకాళ్ల లోతు అనుకుని ఇంకో రెండు అడుగులు వేస్తే తల మునిగిపోతుంది. పిల్లలు పోయేది ఎక్కువగా అక్కడే. పాత చెరువుల్లో మునిగిన చెట్ల మోడులున్నాయి, బోటు ఫ్యాన్ విరుగుతుంది. ఇవి ఏ మ్యాపులోనూ ఉండవు.

ఖాకీ_రిటైర్డ్

పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మత్తడి తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆ ఫోన్లు చేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

సమస్య మూలం చెప్తాను. ఒక చెరువు తీసుకోండి. నీళ్లు, కట్ట, తూము సాగునీటి శాఖవి. చేపలు సంఘానివి. బోట్లు టూరిజంవి. పాకాల లాంటి చోట చుట్టూ అభయారణ్యం, అంటే అటవీ శాఖ. చనిపోతే కేసు పోలీసులది. రక్షించే పని ఫైర్ డిపార్ట్‌మెంట్‌ది, పెద్ద ఆపద అయితే ఎస్డీఆర్‌ఎఫ్‌ది, అంటే రాష్ట్ర విపత్తు స్పందన దళానిది. ఇందరున్నా చెరువు దగ్గర రోజంతా నిలబడాల్సిన బాధ్యత ఒక్కరి పేరు మీదా లేదు. పేరు లేని చోట పోస్టు పుట్టదు, పోస్టు లేని చోట జీతం రాదు.

తెలంగాణలో ఎస్డీఆర్‌ఎఫ్ 2024 డిసెంబర్‌లో మొదలైంది. మంచి పరికరాలున్నాయి, కుర్రాళ్లూ గట్టివాళ్లు. కానీ వాళ్లు పిలిస్తే వచ్చే దళం. వరదలకు, చిక్కుకుపోయిన వాళ్లకు వాళ్లే దిక్కు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు వరదలో మునిగినప్పుడు చూశాం, హెలికాప్టర్లు, బోట్లు వస్తే గానీ జనం బయటపడలేదు. చెరువులో మునిగేవాడికి మాత్రం ఉన్న టైం నిమిషాలే. ఎంత వేగంగా వచ్చినా దారిలోనే అయిపోతుంది. అక్కడికక్కడే మనిషి ఉండాలి.

చట్టం లేదనే సాకు కూడా లేదు. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు. ఇంజన్ బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా, నడిపేవాడికి అర్హత పత్రం ఉండాలి. కాగితం అడిగే మనిషి గట్టు మీద ఉంటేనే ఆ చట్టానికి విలువ.

నర్సక్క_నర్సంపేట

నేను ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తాను. నీళ్లలో మునిగిన వాళ్లను మా దగ్గరికి తెచ్చేసరికే చాలావరకు ఆలస్యమైపోతుంది. మెదడుకు ఆక్సిజన్ ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. కాబట్టి ప్రాణం నిలిచేది ఆసుపత్రిలో కాదు, ఒడ్డు మీద.

ఒడ్డు మీద మనవాళ్లు చేసేదేంటి? తలకిందులుగా భుజాన వేసుకుని తిప్పుతారు, పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. పొట్టలోని నీళ్లు వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, టైం కూడా పోతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో ఊపిరి అందించాలి, ఆ వెంటనే ఛాతీ నొక్కాలి. మామూలు గుండెపోటుకు ఛాతీ నొక్కడంతో మొదలుపెట్టమంటారు. మునిగినవాడికి కొరవడింది గాలి, అందుకే ముందు ఊపిరి.

ఇంకోటి, మునిగేవాడు అరుస్తాడని అనుకోకండి. నోరు నీటి మట్టానికి వచ్చేసరికి గొంతు పెగలదు. చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి నొక్కుతుంటాడు, ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఒక్క నిమిషంలోపే కిందికి పోతాడు. పక్కనే ఉన్న దోస్తులకు తెలియదు. దాన్ని గుర్తుపట్టేలా కళ్లు అలవాటైన మనిషి కావాలి. సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చునే వాచ్‌మన్ వల్ల కాదు.

గ్రేట్‌లేక్స్_తెలుగు

నేను వరంగల్ వాణ్ణే, ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాను. ఇక్కడ చెరువులకు లెక్కే లేదు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాని పోలీసు అధికారి షెరిఫ్. ఆయన కింద నీళ్ల మీద తిరిగే గస్తీ దళం (మెరైన్ పెట్రోల్) ఉంటుంది. ఏడాదంతా కాదు, ఎండాకాలం సీజన్‌కు మనుషుల్ని తీసుకుంటారు. కాలేజీ పిల్లలు, రిటైరైన వాళ్లు కూడా ఉంటారు. ట్రైనింగ్ ఇచ్చి, ఆపి తనిఖీ చేసే అధికారంతో పడవ ఎక్కిస్తారు. బోట్ల రిజిస్ట్రేషన్ ఫీజులో కొంత భాగాన్ని రాష్ట్రం ఇలాంటి పెట్రోలింగ్‌కే కౌంటీలకు ఇస్తుంది. అంటే నీళ్ల మీద సరదా చేసేవాళ్ల డబ్బే వాళ్ల రక్షణకు వెళ్తోంది.

ఇంకా కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ అని 1939 నుంచి ఉంది. అంతా వాలంటీర్లే. వాళ్లకు ఫైన్ వేసే అధికారం లేదు. రేవుల్లో బోట్లు ఉచితంగా తనిఖీ చేస్తారు, క్లాసులు చెప్తారు, గస్తీ తిరుగుతారు. ఇక్కడి కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో, బోటు ప్రమాదాల్లో మునిగి చనిపోయిన వాళ్లలో దాదాపు 85 శాతం మంది జాకెట్ వేసుకోనివాళ్లే.

మన దగ్గర కూడా వాలంటీర్లతో మొదలుపెట్టొచ్చు కదా? బడ్జెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

మత్తడి

అన్నా, మీ మనసు మంచిది. కానీ ఉచితంగా చేయమనే మాట మా దాకా చాలాసార్లు వచ్చింది. కూలీ పోగొట్టుకుని ఆదివారం మొత్తం ఎండలో కూర్చునేది పేదోడే అవుతాడు. నెల గడిచేసరికి ఒక్కొక్కరూ మానేస్తారు. ఆపైన కాపలా ఉందని జనం నమ్మి దిగుతారు, కాపలా ఉండదు. అది లేనిదానికన్నా ప్రమాదం.

లెక్కలమాస్టారు

మత్తడి గారితో ఏకీభవిస్తున్నాను. అసలు ఖర్చెంతో చూద్దాం, భయపడేంత లేదు.

ఒక చెరువుకు ఒకేసారి ముగ్గురు కావాలనుకోండి. పడవ నడిపేవారొకరు, పడవ మీద దూకడానికి సిద్ధంగా ఉండేవారొకరు, ఒడ్డున విజిల్, తాడు పట్టుకుని తిరిగేవారొకరు. రోజుకు పది గంటలు, వారానికి ఏడు రోజులు. అంటే 210 పని గంటలు. ఒక మనిషికి వారానికి 48 గంటలకు మించి పని చెప్పకూడదు. భాగిస్తే నాలుగు దాటుతుంది, సెలవులు, జ్వరాలు కలుపుకుంటే ఐదుగురు. ముగ్గురు కనపడాలంటే ఐదుగురికి జీతం ఇవ్వాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ముగ్గుర్ని పెట్టి వారమంతా నడవమంటారు, నడవదు.

హోంగార్డుకు 2025 నుంచి రోజుకు వెయ్యి ఇస్తున్నారు. అదే పట్టుకుందాం. నెలకు 26 రోజుల జీతం కట్టినా ఐదుగురికి లక్షా ముప్పై వేలు. ఏడాదికి 15 లక్షల 60 వేలు. టికెట్ మీద కొద్దిగా భద్రతా రుసుము వేసినా పెద్ద చెరువుల దగ్గర ఇందులో మంచి భాగం వస్తుంది. మిగతాది జిల్లా నిధుల నుంచి ఇవ్వాలి, ఎందుకంటే ఒడ్డున దిగేవాడు టికెట్ కొనడు.

మానేరు_గాలి

కరీంనగర్ నుంచి. ఈ లెక్క లోయర్ మానేరుకు చాలదండి. 24 టీఎంసీల డ్యాం, అవతలి ఒడ్డు సన్నగా గీతలా కనపడుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాలు ఒక్కసారిగా గాలి దుమారం లేస్తే అలలు సముద్రంలా కొడతాయి. ఇక్కడ ఒక పడవ చాలదు, రెండు కావాలి. గాలి లేచే సూచన కనపడగానే బోట్లన్నీ వెనక్కి రమ్మని చెప్పే మనిషి ఒకరు కట్ట మీదే ఉండాలి. అన్ని చెరువులకూ ఒకే కొలత రాయకండి.

కడిపికొండ_నుంచి

ఈ టాపిక్ రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఇప్పుడు రాస్తున్నాను.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ అనే టూరిస్టు బోటు మునిగింది. మా ఊరి నుంచి పద్నాలుగు మంది వెళ్లారు. ఐదుగురే తిరిగొచ్చారు. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. మొదట నాటు పడవలేసుకుని వచ్చి నీళ్లలో ఉన్నవాళ్లను లాగింది ఒడ్డున ఉన్న పల్లెవాళ్లు. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పైకి తీసింది, అది అక్టోబర్ 22న. అంతవరకు కొన్ని కుటుంబాలు ఒక్క కబురు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి.

మీరంతా మునిగాక తీసేవాళ్ల గురించి రాస్తున్నారు. అవసరమే. నాకు కావాల్సింది ఇంకొకటి. "ఈ రోజు నీళ్లు బాగాలేవు, బోటు కదలదు" అని చెప్పగలిగిన మనిషి రేవులో ఉండాలి. ఆ మాట చెప్పినందుకు ఉద్యోగం పోకూడదు. టికెట్లు అమ్మేవాళ్ల కింద పనిచేసే మనిషి ఆ మాట అనలేడు. కాబట్టి కాపలా మనిషి జీతం బోట్లు తిప్పే సంస్థ నుంచి రావొద్దు. వినతిపత్రంలో ఇది మొదటి మాటగా రాయండి.

హన్మకొండవాసి

మీరు రాసినందుకు దండం పెడుతున్నాను. మొదటి మాట అదే ఉంటుంది.

స్టీరింగ్

కడిపికొండ అన్న చెప్పిన మాట మా అందరి మనసులోది. 2024 జనవరిలో వడోదర హర్ణి చెరువులో పన్నెండు మంది బడి పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. పట్టే దానికన్నా ఎంతో ఎక్కువ మందిని ఎక్కించారు, చాలామందికి జాకెట్లు కూడా లేవు. అది నది కాదు, మన చెరువుల్లాంటి చెరువే. ఎక్కించొద్దని అనగలిగే మనిషి ఒక్కరుంటే ఆగేది.

పిల్లల జాకెట్ల గురించి కూడా రాయండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లకు తొడిగితే ఫొటోకు బాగానే ఉంటుంది. నీళ్లలో పడగానే జాకెట్ పైకి తేలి చెవుల దాకా వస్తుంది, పిల్ల కిందికి జారుతుంది. చిన్న సైజు ఉండాలి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి వస్తే అది పనికిరాదు. నేను ప్రతి పిల్లకూ లాగి చూస్తాను, వెనక క్యూలో ఉన్నవాళ్లు అరుస్తారు. అరవనీ.

ఖాకీ_రిటైర్డ్

అధికారం మాట వచ్చింది కాబట్టి. మత్స్యకారుడు "లోపలికి దిగొద్దు" అంటే కుర్రాళ్లు "నువ్వెవడివి" అంటారు. తాగి వచ్చిన గుంపయితే మీద పడతారు. అందుకే ప్రతి బృందంలో ఒక హోంగార్డో కానిస్టేబులో ఉండి తీరాలి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్‌కు లేక్ పోలీసులు ఉన్నారు, ఎంతో మందిని కాపాడారు. అదే పద్ధతి వరంగల్ కమిషనరేట్‌లో, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పెట్టొచ్చు. నీళ్లు తెలిసిన మనిషి, అధికారం ఉన్న మనిషి, ఇద్దరూ ఒకే పడవలో ఉండాలి.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. మేడారం జాతరకు జంపన్నవాగు పొడుగునా గజ ఈతగాళ్లను డ్యూటీ వేస్తారు. లక్నవరం నుంచి నీళ్లొదిలే టైం, ఘాట్‌ల దగ్గర లోతు, అన్నీ చూసుకుంటారు. అంటే చేయడం ప్రభుత్వానికి వచ్చు. జాతర అయ్యాక ఆగిపోతుంది, అంతే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కాళేశ్వరం, మంగపేట, ధర్మపురి, బాసర ఘాట్‌లకు ఎలాగూ వందల మంది కావాలి. అప్పటికప్పుడు వెతక్కుండా ఇప్పుడే తీసుకుని ట్రైనింగ్ ఇస్తే, పుష్కరాల తర్వాత చెరువులకు పనికొస్తారు.

నర్సక్క_నర్సంపేట

ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. స్నాన ఘాట్‌ల దగ్గర సగం మంది ఆడవాళ్లే. చీరలో పడ్డ మనిషిని తీయడం వేరు, తడిసి బరువు పెరుగుతుంది. మగవాళ్లు పట్టుకుంటారేమోనన్న మొహమాటంతో చెయ్యి ఇవ్వకుండా వెనక్కి తగ్గినవాళ్లను కూడా చూశాను. ప్రతి బృందంలో ఒక్కరైనా మహిళ ఉండాలి. ఈత వచ్చిన ఆడపిల్లలు దొరకరని అంటారు. మత్స్యకార కుటుంబాల్లో ఉన్నారు, అడిగినవాళ్లు లేరు.

మత్తడి

ఉన్నారక్కా. మా చెల్లెలి బిడ్డ చెరువు ఈ కొస నుంచి ఆ కొసకు ఈదుతుంది. ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉంది.

గ్రేట్‌లేక్స్_తెలుగు

మత్తడి అన్న చెప్పింది అర్థమైంది, వాలంటీర్లను గస్తీకి వాడొద్దు. కానీ బళ్లలో చెప్పడానికి, జాకెట్లు తనిఖీ చేయడానికి వాడొచ్చుగా? మన దేశంలోనే ఆపద మిత్ర అనే వాలంటీర్ల పథకం ఉంది, పన్నెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చి కిట్ ఇస్తారు. దాన్ని మత్స్య సంఘాల యువతకు ఇప్పించమని అడగండి. మా వైపు నుంచి విసిరే తాళ్ల సంచులు కొని పంపిస్తాం. పదిహేను, ఇరవై మీటర్ల తేలే తాడు సంచిలో మడిచి ఉంటుంది, కొస పట్టుకుని సంచి విసిరేయడమే. ఈత రానివాడు కూడా ఒడ్డు మీద నుంచే మనిషిని లాగొచ్చు. దూకి కాపాడబోయి ఇద్దరూ పోయిన కేసులు మనకు కొత్త కాదు.

హన్మకొండవాసి

సరే, చిత్తుప్రతి ఇలా రాశాను. కాపలా బృందం జీతం జిల్లా యంత్రాంగం నుంచే రావాలి, బోటు నిర్వాహకుల నుంచి కాదు. బోటు ఆపే అధికారం, ఒడ్డున దిగేవాళ్లను వెనక్కి పంపే అధికారం రాతపూర్వకంగా ఉండాలి. చెరువుకు కనీసం ఐదుగురు, పెద్ద జలాశయాలకు అంతకన్నా ఎక్కువ. సగానికి పైగా స్థానిక మత్స్యకార కుటుంబాల నుంచి, తప్పనిసరిగా మహిళలతో సహా, ఒక హోంగార్డుతో. నీటి రక్షణ, సీపీఆర్ (నర్సక్క చెప్పిన నోటి ఊపిరి, ఛాతీ నొక్కడం) ట్రైనింగ్ అయ్యాకే డ్యూటీ. డ్యూటీలో ప్రమాదం జరిగితే బీమా. రెస్క్యూ బోటును రైడ్లకు వాడకూడదు. తూము తెరిచే ముందు సాగునీటి శాఖ వాళ్లు బృందానికి ఫోన్ చేయాలి.

మానేరు గారూ, గాలి దుమారం సంగతి మీరే రెండు వాక్యాలు రాసి పంపండి.

మానేరు_గాలి

రాత్రికి పంపిస్తాను. కట్ట మీద సైరన్ కూడా కలపండి, ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు.

మత్తడి

మా సంఘం మీటింగ్ ఆదివారం పొద్దున ఉంది. అక్కడ చదివి వినిపిస్తాను. పని చేస్తామన్న వాళ్ల పేర్లు, వయసు, బోటు నడపడం వచ్చా రాదా రాయించుకుంటా. గుంతలు, మోడులు ఎక్కడెక్కడున్నాయో కూడా ముసలివాళ్లను అడిగి ఒక కాగితం మీద గీయిస్తా. నర్సక్కా, ఆ నోటి ఊపిరి పద్ధతి వచ్చి చూపిస్తారా?

నర్సక్క_నర్సంపేట

వస్తాను తమ్ముడూ, నాకు ఆ రోజు నైట్ డ్యూటీ. ప్రాక్టీస్ బొమ్మ అడిగి తెస్తా. మీ చెల్లెలి బిడ్డను తప్పకుండా రమ్మను. మీటింగ్ ఎన్ని గంటలకు, ఏ ఊళ్లోనో నాకు మెసేజ్ పెట్టు.